పదకొండో ముడి

మూడో ముడి వేశాను. టవల్ అంచున వదిలేసిన పోగుల్లోంచి నాలుగు పోగులు వేరు చేసి, బొటనవేలి కింద మెలిపెట్టి, ఆవగింజంత ముడి. ఎవరూ చూడరు, చూసినా చేతులు ఊరికే ఉండలేని పిల్ల అనుకుంటారు. ముందు చప్పుడు వస్తుంది, తర్వాత బండి, ఆ తర్వాత దుమ్ము. ఆ దుమ్ము పైకి లేచి ఈ అద్దాల దాకా వచ్చి, లోపలికి రాలేక, అద్దం మీదే ఎర్రగా కూర్చుంటుంది. లోపల చలి పుట్టేంత చల్లగా ఉంది. బయట హోట్గి రోడ్డు మీద ఎండకు తారు మెత్తబడుతుంటే ఇక్కడ సోఫాల్లో ఆడవాళ్ళు భుజాల మీదికి కొంగు లాక్కుంటున్నారు. ఖాళీ జాగాలో ఎర్రమట్టి పోసి, గుట్టలు కట్టి, వంకరలు తిప్పి మోటారుసైకిళ్ళ పందేనికి చేసిన ట్రాక్. పందెం ముగిసే గీతకు సరిగ్గా పైన, ఇనుప స్తంభాల మీద నిలబెట్టిన ఈ గది. వీఐపీ బాక్స్ అంటారట. ముందు కటకటాల వసారా ఒకటి ట్రాక్ మీదికి వంగి ఉంది. ఆ వసారా తలుపు దగ్గర నేను, నా పక్కన బల్ల, బల్ల మీద టవళ్ళు. వచ్చినవాళ్ళకు ఒక టవల్, ఒక టోపీ ఇవ్వడం నా పని. షోలాపూర్‌లో పెళ్ళికొచ్చిన మగవాళ్ళకు టవల్, టోపీ పెట్టి మర్యాద చేస్తారు. విష్ణు సేఠ్‌కు ఇవాళ కొడుకు పెళ్ళికంటే తక్కువేం కాదు. ఆయన మా బాపు పనిచేసే కార్ఖానా యజమాని, అశోక్ చౌక్ వెనక సందులో టవళ్ళు నేసే ముప్పై ఆరు సాంచెలు, కరెంటు మగ్గాలు, ఆయనవే. కింద తొమ్మిదో నంబరు బండి మీద ఉన్నది ఆయన కొడుకు రుషికేశ్. పన్నెండు చుట్ల పందెం, మూడయ్యాయి, రుషికేశే ముందున్నాడు. నన్నెందుకు పిలిచారంటే, సేఠ్ మా బాపుతో అన్నాడట: "అంబాదాస్, ఆ దినం నీ బిడ్డను తోలు. మాట్లాడని పోరి, మంచిగుంటది."

నిజమే, నేను మాట్లాడను. ఏడో తరగతి దాకా సిరిసిల్ల అవతల అమ్మమ్మ ఊళ్ళో తెలుగు బడిలో చదివాను. ఇక్కడికి వచ్చాక బడిలో, బస్సులో, దుకాణంలో అందరూ మరాఠీ. నా నోట్లో ఒక మాట తయారయ్యేలోపు ఎదుటివాళ్ళు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు మరాఠీ బాగానే వచ్చింది కానీ మాట్లాడకపోవడం అప్పటికే అలవాటైపోయింది. మాట్లాడనిదంతా రాసుకుంటాను. బాపు డిజైన్ గీసే గళ్ళ కాగితాలు, ఒకవైపు వాడేసినవి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసి ఇచ్చాడు. వాటి వెనక రాస్తాను. రాయడం అయ్యాక చివరి కాగితం తీసి, ఎర్ర పెన్నుతో ఒక గడి నింపుతాను, రోజుకొకటి. నిన్నటికి రెండు వందల పద్నాలుగు గళ్ళు. అమ్మ ఒకసారి చూసి పువ్వేదో గీస్తున్నాననుకుంది. పువ్వు కాదమ్మా. మర్చిపోకుండా ఉండటానికి. మనిషి మర్చిపోతాడు, రాత్రి పని తప్పి పగటి పాళీ వస్తే మర్చిపోతాడు, ఇంట్లోవాళ్ళు కడుపునిండా తిన్న రోజు మర్చిపోతాడు. గడి మర్చిపోదు. వస్తోంది, చప్పుడు వస్తోంది, గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. గుట్ట మీద నుంచి గాల్లోకి లేచి, దిగి, మా కిందికి వచ్చి, అదిగో, ప్రతిసారీ లాగానే తల పైకెత్తి తండ్రికి బొటనవేలు చూపించాడు. గదంతా చప్పట్లు. నాలుగో ముడి.

ఆ బొటనవేలు. ఎంత నిటారుగా నిలబడింది, చేతి తొడుగులోంచి కూడా కనబడుతోంది. మా బాపమ్మ బొటనవేలు ఇప్పుడు చూపుడువేలిని అందుకోదు. మధ్యలో గింజ పట్టేంత సందు ఉండిపోతుంది. ఆ సందులోంచి తునికాకు జారిపోతుంది, తంబాకు రాలిపోతుంది. మా బాపమ్మ అంజమ్మ, బాపు తల్లి, బీడీలు చుడుతుంటే చేతుల వంక చూసేది కాదు. గోడ మీది బల్లి వంకో, నా మొహం వంకో చూస్తూ, నవ్వుతూ, అమ్మను తిడుతూ చుట్టేది. ఇరవై అయిదు కాగానే చెయ్యి దానంతటదే ఆగేది. లెక్క ఎట్లా తెలుస్తుందంటే, "మాటల పడ్తే లెక్క పోతది బిడ్డా, దారానికి ముడెయ్యి, ముడి అబద్ధమాడది," అని నేర్పింది. కట్టకొక ముడి. ఇప్పుడు ఆమె గడప దగ్గర కూర్చుని ఎడమ చేత్తో ఆకు తడుపుతుంది, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటుంది, ఎవరి బిడ్డనో ఆడిస్తున్నట్టు. బడి నుంచి వచ్చి నేను చుడతాను. నా చేతులు మెల్లగా కదులుతాయి. ఆమె చూస్తూ ఉంటుంది, మెడ కొద్దిగా వంచి, ఏమీ అనదు. తిట్టినా బాగుండు.

కుంభారిలో మా కాలనీ రోడ్లు వెడల్పుగా, తిన్నగా, పొద్దుపొద్దున్నే మనుషులు లేకుండా ఉంటాయి. అందుకే రుషికేశ్ అక్కడికి వచ్చేవాడు బండి నేర్చుకోవడానికి. రోజూ వినేవాళ్ళం ఆ బండి చప్పుడు, ఎక్కడా లేని జంతువు ఏదో దగ్గుతున్నట్టు. ఆ రోజు బాపమ్మ బీడీల గంప పట్టుకుని బస్సుకని బయల్దేరింది, నేను రెండడుగులు వెనక, చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంటున్నాను. వంగి ఉన్నాను. తల ఎత్తేసరికి గంప గాల్లో ఉంది. బీడీలు వానలాగా పడ్డాయి. ఎంతసేపు పడ్డాయో, ఇప్పటికీ పడుతూనే ఉన్నాయి నాకు. బాపమ్మ కూర్చున్నట్టే పడింది, అరవలేదు, కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఇంకో వైపుకు తిరిగి ఉంది. అతను కొంత దూరం పోయి ఆగాడు. దిగాడు. హెల్మెట్ అద్దం పైకి లేపాడు. నేను అతని కళ్ళు చూశాను, అతను నన్ను చూశాడు. అప్పుడు వంగి, బండి హ్యాండిల్ దగ్గర బ్రేకు వంగిందేమో చూసుకున్నాడు. వేలితో తుడిచాడు. తర్వాత మా దగ్గరికి వచ్చాడు. అది నిజం, వచ్చాడు, రాలేదని రాయను. కానీ ముందు బండిని చూసుకున్నాడు. ఆ వరస నేను మర్చిపోను. రెండు వందల పద్నాలుగు గళ్ళూ ఆ వరస కోసమే. అయిదో ముడి వేశానా? వేశాను, ఇదిగో వేలికి తగిలింది.

"ఏ పోరీ, ఇటు రా." ఉషమ్మ, సేఠ్ భార్య. బాగా మెత్తటి గొంతు, గాజుల మధ్య నుంచి వచ్చినట్టు ఉంటుంది. "ఈ అన్నయ్యకు టవల్ రాలే, ఇయ్యి. ఏంది నీ చేతుల వాసన? తంబాకా?" "అవ్ ఉషమ్మా." "సబ్బుతోని కడగొద్దా? కొత్త టవళ్ళకు పడ్తది వాసన." "కడిగిన ఉషమ్మా." కడిగాను, మూడుసార్లు కడిగాను, పోదు. ఆ అన్నయ్య అంటే పెద్ద వ్యాపారి పోచయ్య, పొట్ట మీద టవల్ పరుచుకుని, "వాసన తంబాకుది గాదు ఉషా, మన షోలాపూర్‌ది. నా అవ్వ చేతులూ గట్లనే ఉండె," అని నవ్వాడు. ఉషమ్మ కూడా నవ్వి, నా వైపు తిరిగి, "మీ బాపమ్మకు ఎట్లున్నది ఇప్పుడు? మెట్లు చూసుకుంట దిగమను. ముసలితనం," అంది. ఆమె నిజంగానే అడిగింది. అప్పట్లో మా ఇంటికి డబ్బాలో పప్పూ భాకరీ రొట్టెలూ పంపింది కూడా. ఆమెకు మెట్లని చెప్పారు. మెట్లు! నేను తల ఊపాను. వెనక్కి వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాను.

మెట్ల మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు, నా నోట్లోంచే పుట్టిందని చెప్పారు. దవాఖానాలో పొడుగాటి బెంచీ, ఫినాయిల్ వాసన, బాపమ్మ లోపల. పోలీసు జవాను ఒకాయన పుస్తకం తెరిచి, ఎవరు చూశారంటే నేను చూశానని నన్ను నిలబెట్టారు. మరాఠీలో అడిగాడు, ఏమైంది అని. అప్పుడు నాకు మరాఠీ అర్థమయ్యేది కానీ నోటికి వచ్చేది కాదు. నేను తెలుగులో చెప్పాను. నా జీవితంలో ఒక పరాయి మనిషికి అంత పెద్ద మాట చెప్పడం అదే మొదలు. "రుషికేశన్న బండి గుద్దింది. మేం పక్కకే నడుస్తున్నం." జవాను సేఠ్ వైపు చూశాడు. సేఠ్ అప్పటికే వచ్చి ఉన్నాడు, తెల్ల చొక్కా, అత్తరు, చెయ్యి నా భుజం మీద. ఆ చెయ్యి బరువు కూడా గుర్తుంది, తడిసిన చద్దరంత బరువు. ఆయన నవ్వుతూ, నా మాటను నా పక్కనే నిలబడి మరాఠీలోకి మార్చాడు. "పాయర్‌యావరూన్ పడ్లీ మ్హణతే." మెట్ల మీద నుంచి పడిందంటోంది. అని, "లహాన్ ఆహే, ఘాబర్లీ" అని కూడా అన్నాడు, చిన్నపిల్ల, భయపడింది. జవాను రాసుకున్నాడు. ఆ పెన్ను నెమ్మదిగా నడిచింది. నేను బాపు వంక చూశాను. బాపుకు రెండు భాషలూ వచ్చు. బాపు తన చెప్పుల వంక చూసుకున్నాడు. ఎంతసేపు చూసుకున్నాడంటే, ఆ చెప్పులకు ఎన్ని కుట్లున్నాయో నేనూ లెక్కపెట్టాను. పదిహేడు. ఆ తర్వాతి వారం బాపుకు పగటి పాళీ వచ్చింది. పదకొండేళ్ళు రాత్రి సాంచెలు నడిపిన మనిషి, ఎన్నిసార్లు అడిగినా రాని పగటి పాళీ. ఇప్పుడు రాత్రి మా పక్కనే పడుకుంటాడు. గురక పెట్టడు, నాకు తెలుసు, మెలకువగానే ఉంటాడు. మేముండేది కింది అంతస్తు. మా ఇంటికి మెట్లే లేవు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవ్వరూ అడగలేదు. ఆరో ముడి.

పడిపో. ప్రతి చుట్టుకూ అదే అనుకుంటున్నాను, ఆ మూడో గుట్ట దగ్గర, బండి గాల్లో పక్కకు వాలుతుంది చూడు, అక్కడ పడిపో. పొద్దున దేవుడికి దండం పెట్టి కూడా అదే అడిగాను, సిగ్గుపడలేదు. చావక్కర్లేదు. కుడి చెయ్యి చాలు. మణికట్టు. వస్తోంది, లేచింది, వాలింది, ఆ, దిగింది, పడలేదు. మళ్ళీ బొటనవేలు. మళ్ళీ చప్పట్లు. ఏడో ముడి. అతని వెనక ఇరవై ఏడో నంబరు, పండరిపూర్ వైపు మెకానిక్ కొడుకట, విశాల్ అని మైకులో అంటున్నారు, పాత బండి, పొగ వదులుతోంది, అయినా విడవడం లేదు, మూడు బండ్ల దూరంలోనే ఉన్నాడు. విష్ణు సేఠ్ కూర్చోలేక వసారాలోకి, లోపలికి తిరుగుతున్నాడు, చేతిలో టవల్, మెడ మీద చెమట. ఇంత చల్లటి గదిలో చెమట పట్టిన మనిషి ఆయనొక్కడే. "సునో సునో, అందరు వినుండ్రి!" చప్పట్లు కొట్టి పిలిచాడు. "నా కొడుకు గెలిచి వచ్చెటప్పుడు, నేను అనంగనే, అందరు బాహేర్, వసారాలకు వచ్చి టవళ్ళు ఊపాలె. ఫోటో తీస్తరు. మన టవల్ పేపర్ల పడాలె!" పోచయ్య తన టవల్ విప్పి ఎదురుగా పట్టుకున్నాడు. "అరే విష్ణూ, ఇది జెండాలెక్కనే ఉన్నది కదా, ఆ గీత కాడ వాడు పట్టుకున్న జెండా." "జెండాలెక్కనే చేపిచ్చిన మరి! నలుపు తెలుపు గళ్ళు. ఐడియా ఎవరిది? నాది!" "నీదే నీదే. జెండా కట్టుకుని తానం చేయమంటవ్ మమ్ముల." అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నా చేతిలో టవల్ మీద నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, కళ్ళు చెదిరేలా ఉన్నాయి.

ఆ గళ్ళు నేను నింపినవే. పోయిన నెల కార్ఖానాలో, బాపుకు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, సాంచెల చప్పుడులో ఎవరి మాట వాళ్ళకే వినబడని ఆ రేకుల షెడ్డులో, రుషికేశ్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఫోనులో జెండా బొమ్మ. బాపు చూసి, "దీనికి డిజైన్ ఏం గావాలె చిన్న సేఠ్, మా ప్రాజక్త గూడ నింపుతది," అని గళ్ళ కాగితం నా ముందుకు తోశాడు. నేను నలుపు నింపుతుంటే రుషికేశ్ నా నెత్తి మీదుగా గట్టిగా అరిచి చెప్పాడు, సాంచెల మీద వినబడాలని: "కాకా, ఈ జెండా కనబడ్డదంటే ఆట ఖతం. ఇంకేం చూసుడు లేదు. గాడి బంద్, చేతులు మీదికి. నిద్రల చూపెట్టినా నా చేతులు లేస్తయ్!" అప్పుడతను నన్ను గుర్తుపట్టలేదు. ఒక్కసారి కూడా. బ్రేకును తుడిచినప్పుడు చూసిన కళ్ళే, నన్ను చూసి, కాగితం చూసి, "మంచిగ నింపుతున్నవ్," అన్నాయి. బయట నుంచి వచ్చిన ఒక మాట లోపల ఎన్నాళ్ళు పడుకుని ఉంటుందో, ఎప్పుడు లేచి కూర్చుంటుందో తెలియదు. నిద్రల చూపెట్టినా. ఎనిమిదో ముడి వేసి, గదిలో టవళ్ళు లెక్కపెట్టాను. నలభై టవళ్ళు. నలభై జెండాలు. గీతకు సరిగ్గా పైన.

వద్దు అనుకున్నాను. అనుకోలేదని రాస్తే అబద్ధం. గీత దగ్గర జెండా మనిషి ఉన్నాడు, నిజం జెండా ఆయన చేతిలో చుట్టి ఉంది, ఆయన పక్కన ఇంకొకడు ఎన్ని చుట్లు మిగిలాయో అంకె రాసిన పలక పట్టుకుంటాడు. రుషికేశ్ పలక చూస్తాడు కదా? చూడడు. నేను ఎనిమిది చుట్లూ చూశాను కదా, గీత దగ్గరికి రాగానే అతను పలకను చూడడు, తల పైకెత్తి తండ్రినే చూస్తాడు. బొటనవేలు చూపించాలి కదా. తొమ్మిది. తొమ్మిదో ముడి సరిగ్గా పడలేదు, విప్పి మళ్ళీ వేశాను. బాపమ్మ అయితే ముడి విప్పేది కాదు, విప్పితే పోగు నలుగుతుందని. బాపమ్మా, నేను ఏం చేయబోతున్నానో నాకే తెలియదు, నా నోరు తెరుచుకుంటుందో లేదో తెలియదు. పరాయి మనిషితో నేను చివరిసారి పెద్ద మాట మాట్లాడింది ఆ బెంచీ దగ్గరే. ఆ మాటను తీసుకెళ్ళి వాళ్ళు మెట్లు చేశారు. బయట మైకులో ఏదో అంటున్నారు, అద్దాల వల్ల, చప్పుడు వల్ల, ఒక్క ముక్క అర్థం కాదు, గొంతు మాత్రం పైకి పైకి పోతోంది. అందరూ లేచి నిలబడ్డారు. పది. ఇంకా రెండు చుట్లు. పలక మీద కూడా రెండు. సేఠ్ పలక చూడలేదు, కొడుకు వీపునే చూస్తున్నాడు, ఆ వీపు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా. తర్వాత తిరిగి, తలుపు దగ్గర ఎదురుగా ఉన్న మనిషిని అడిగాడు. ఆ మనిషి నేనే. "పోరీ, నువ్వు చూస్తనే ఉన్నవ్ కదా. ఇదేనా ఆఖరుది?"

చూస్తూనే ఉన్నాను సేఠ్. నేను చూసే పిల్లను. నా వేలి కింద పది ముళ్ళున్నాయి, పదీ గట్టివి. ఆయన మొహం దగ్గరగా ఉంది, అదే అత్తరు, కళ్ళల్లో కొడుకు మీద ప్రేమ నీళ్ళలాగా నిలిచి ఉంది, అది కూడా చూశాను. ఒక్క క్షణం ఆ నీళ్ళు నన్ను ఆపాయి. తర్వాత భుజం మీద ఆ బరువు గుర్తొచ్చింది. "అవ్ సేఠ్," అన్నాను. "ఇదే ఆఖరుది." "చలా చలా! బాహేర్ చలా!" ఆయన అరుపుతో గది గదంతా వసారాలోకి పొంగింది, పోచయ్య, ఉషమ్మ, పట్టుచీరలు, టోపీలు, ఫోన్లు, టవళ్ళు విప్పుతూ ఒకరి మీద ఒకరు. చప్పుడు వస్తోంది. గుట్ట మీద లేచాడు, తొమ్మిదో నంబరు, వెనకే ఇరవై ఏడు. దిగాడు. గీత వైపు తిన్నగా వస్తున్నాడు, తల పైకెత్తాడు, బొటనవేలు లేపబోయాడు. ఎదురుగా నలుపు తెలుపు, నలభై, గాల్లో పటపటమని, కింద ఒకటి అని రాసిన పలక, ఎవడు చూస్తాడు దాన్ని. అతని రెండు చేతులూ లేచాయి. నిద్రలో లేచినట్టే లేచాయి. బండి గొంతు ఒక్కసారిగా పడిపోయింది. ఇరవై ఏడో నంబరు అతని పక్క నుంచి దూసుకుపోయింది. దాని వెనక వచ్చినవాడు ఇతని బండిని గుద్దబోయి, పక్కకు కొట్టి, మట్టి దిబ్బను రాసుకుంటూ, పడి, పడకుండా, నిలబడి పోయాడు. ఆ పిల్లవాడెవరో నాకు తెలియదు. నేను రుషికేశ్‌ను లెక్కపెట్టాను, టవళ్ళు లెక్కపెట్టాను, అతన్ని లెక్కపెట్టలేదు. దేవుడా అనుకున్నాను, పొద్దున రుషికేశ్ చెయ్యి విరగ్గొట్టమని అడిగిన ఆ దేవుణ్ణే. బండ్లు పోతూనే ఉన్నాయి, నాలుగు, అయిదు. రుషికేశ్ చేతులు ఇంకా పైనే ఉన్నాయి, వసారా వంక చూసి ఊపుతున్నాడు, తండ్రి ఊపుతున్నాడు, అందరూ ఊపుతున్నారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని సంతోషంగా, ఎంత సంతోషంగా. అతను ముందుగా చేతులు దించాడు. చుట్టూ చూశాడు. ఎవరూ ఆగలేదు. నేను పదకొండో ముడి వేశాను.

రుషికేశ్‌కు ఆరో స్థానం. మైకు అరుపు అయ్యాక అందరూ గదిలోకి తిరిగి వచ్చారు. టవళ్ళు చేతుల్లో వేలాడుతున్నాయి. పందెం పెట్టినవాళ్ళ మనిషి, మెడలో కార్డు, అభిజిత్ అని రాసి ఉంది, విసురుగా లోపలికి వచ్చాడు. మరాఠీలో, కోపంతో, కానీ సేఠ్‌తో మాట్లాడుతున్నాడు కాబట్టి ఆ కోపాన్ని మడతపెట్టి అడిగాడు, ఇంకో చుట్టు ఉండగా జెండా లాంటివి ఎందుకు ఊపారు, వెనక వచ్చిన పిల్లవాడు చచ్చేవాడు, ఎవరు చెప్పారు మీకు ఆఖరి చుట్టని. సేఠ్ మొహం బూడిదలా ఉంది. గది అంతా చూసి, చివరికి వేలు నా వైపు చూపించాడు. "ఈ పోరి చెప్పింది." అభిజిత్ నన్ను చూసి కొంచెం మెత్తబడ్డాడు, వంగి, నువ్వే చెప్పావా, ఎందుకు చెప్పావు తల్లీ, అని మరాఠీలో అడిగాడు. నాకు ఇప్పుడు మరాఠీ వస్తుంది. ఆయనకు ఆయన భాషలోనే చెప్పగలను. నేను సేఠ్ కళ్ళల్లోకి చూసి తెలుగులో చెప్పాను, మెల్లగా, ఒక్కో పోగూ అతికినట్టు. "అవ్, నేనే చెప్పిన. ఇంకొక చుట్టున్నదని నాకు ఎరికే. ఎరికుండే చెప్పిన. కుంభారి రోడ్డు మీద మా బాపమ్మను గుద్దింది రుషికేశన్న బండి. మెట్ల మీద పడలే. మా ఇంటికి మెట్లే లెవ్వు." ఇంకో మాట ఉండిపోయింది, అదీ అన్నాను. "జెర ఆయనకు మరాఠీల చెప్పుండ్రి సేఠ్. ఆ దినం చెప్పినట్టు."

గదిలో సగం మందికి పైగా మా తెలుగువాళ్ళే, నా మాట అర్థమైనవాళ్ళే. పోచయ్య తన టవల్ వంక చూసుకుంటున్నాడు, మా బాపు చెప్పుల వంక చూసుకున్నట్టు. అభిజిత్ సేఠ్ వంక తిరిగి ఎదురుచూస్తున్నాడు, కాయ్ మ్హణతే? ఏమంటోంది? సేఠ్ టవల్‌తో మెడ తుడుచుకున్నాడు. తెలిసే చెప్పిందని నిజం చెబితే, ఎందుకని అడుగుతారు. ఎందుకంటే ఆ చెయ్యి, ఆ బెంచీ, ఆ పెన్ను. ఆయన నన్ను చూశాడు. ఈసారి ఆయనే నా వంక చూశాడు, సాయం అడిగే మనిషి చూసినట్టు. నేను కళ్ళు దించలేదు. "చుకూన్ సాంగితలం మ్హణతే," అన్నాడు చివరికి, పొరపాటున చెప్పానంటోంది. "లహాన్ ఆహే. ఘాబర్లీ." చిన్నపిల్ల. భయపడింది. అభిజిత్ నిట్టూర్చి, నా తల మీద చెయ్యి వేసి, పర్వాలేదులే అన్నట్టు తట్టి వెళ్ళిపోయాడు. రేపు బాపు పగటి పాళీ పోతుంది, సాంచా కూడా పోతుందేమో, నాకు తెలుసు. బాపమ్మ వింటే నన్ను కొడుతుందేమో, ఎడమ చేత్తో. కొట్టనీ. పోచయ్య లేచి, టవల్ నాలుగు మడతలు పెట్టి, తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. టోపీ కూడా తీసి దాని మీద పెట్టాడు. ఉషమ్మ మాత్రం మొగుడి దగ్గరికి వెళ్ళి, అందరూ వినేటంత మెల్లగా అడిగింది: "ఏందండీ అది? మెట్లు కాదా?" సేఠ్ కూర్చున్నాడు. "నేను డబ్బా పంపిన గదా వాళ్ళింటికి. నా చేతులతోని పంపిన. మెట్లు కాదా?" బయట ఇనుప మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది, ఒక్కో మెట్టూ, బరువుగా, పైకి. ఉషమ్మ తలుపు వైపు తిరిగి నిలబడింది, కొడుకు మొహం ముందుగా తనకే కనబడాలన్నట్టు. టవల్ అంచున ఇంకా పోగులున్నాయి. నాలుగు వేరు చేసి, పన్నెండోది వేశాను.